రెండో చరణం లేని పాట

సత్తిబాబు గారు ఇక లేరు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

ఆ ఉదయం రెండో పీరియడులో పదో తరగతి పిల్లలకి ఉత్పలమాల గణాలు చెబుతున్నాను. అటెండరు గుమ్మంలోకి వచ్చి, "మేడంగారండీ, మైకు సత్తిబాబుగారు పోయారంటండి. ఇప్పుడే కబురొచ్చిందండి" అన్నాడు. ఏమన్నావని అరిచాను. పాపం, అతను మళ్ళీ అదే మాట చెప్పాడు. చేతిలో ఉన్న డస్టరు విసిరికొట్టాను. అది తలుపుకి తగిలి రెండు ముక్కలైంది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. తెలుగు పంతులమ్మకి కోపం ఎక్కువని వాళ్ళకి తెలుసుగానీ, చావు కబురు తెచ్చినవాణ్ణి కొట్టేంత కోపమని ఆ రోజే తెలిసింది. అటెండరుకి తర్వాత క్షమాపణ చెప్పుకున్నాను.

పెద్దకార్యం రోజున పంచడానికి ఆయన ఫొటోతో చిన్న పుస్తకం వేస్తున్నామనీ, నన్ను రెండు పేజీలు రాయమనీ మంగ వదిన, అంటే సత్తిబాబు గారి భార్య, కబురు చేసింది. వదినా, నీ మొగుడు రెండు పేజీల్లో పట్టడు. పట్టినంత రాస్తాను.

దివంగతుడు నాదోపాసకుడనీ, సంగీతసరస్వతి ముద్దుబిడ్డ అనీ రాయాలని కలం తొందరపడుతోంది. అలా రాస్తే ఆయనే లేచొచ్చి నవ్వుతారు. "నాకు సరిగమలు రావండి, ప్లగ్గులొచ్చు" అనేవారు ఎవరైనా పొగిడితే. రెండు ఆంప్లిఫయర్లు, నాలుగు లౌడుస్పీకరు గొట్టాలు, ఒక జనరేటరు, ఒక రేకు పెట్టె నిండా క్యాసెట్లు. ఇదీ ఆ మహానుభావుడి సర్వస్వం. ముప్ఫై ఏళ్ళపాటు మా లంకల్లో ఏ శుభాశుభకార్యం జరిగినా ఆయన గొట్టాలు కొబ్బరిచెట్లకి వేలాడవలసిందే. వినాయకుడి పాటతో మొదలుపెడితే ఏ క్యాసెట్టు తర్వాత ఏ క్యాసెట్టో ఆయనకొక క్రమం ఉండేది. బ్రహ్మదేవుడు దిగివచ్చి అడిగినా అది మార్చేవారు కారు. అమ్మవారి జాతర, మా వైపు తీర్థం అంటాం, ఆ రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళు గడియారం చూసేవారు కాదు. "అదిగో ఆ పాటొచ్చేసింది, ఎసరు పెట్టాలి" అని లేచేవారు.

శాంతమూర్తి అని కూడా రాయను. అబద్ధం నాకు చేతకాదు. ఎలక్షన్ల రోజుల్లో ఒకాయన శవయాత్రలో భజన పాటలు ఆపి తన పార్టీ పాట వెయ్యమన్నాడు. సత్తిబాబు గారు మైకు స్టాండు పీకి అతని నెత్తిమీద ఒక్కటిచ్చారు. నాలుగు కుట్లు పడ్డాయి. పంచాయితీలో పెద్దలు అడిగితే, "చచ్చిపోయినాయనకి ఓటు లేదు కదండీ, మరి పాటెందుకండీ?" అన్నారట.

ఆయన తరచూ చెప్పే మాట ఒకటుంది. "కంటికి రెప్పలిచ్చిన దేవుడు చెవికివ్వలేదు చెల్లెమ్మా. చూడ్డం మానేయొచ్చు, వినడం మానలేం. పాట ఎక్కడ విన్నావో అది అక్కడే కూర్చునుంటుంది. మళ్ళీ మోగిందా, నిన్ను అక్కడికే ఈడ్చుకుపోద్ది." ఈ మాట నాకు మొదటిసారి చెప్పినప్పుడు నేను కొత్త పెళ్ళికూతుర్ని, నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు.

నన్ను చెల్లెమ్మా అని పిలిచే హక్కు ఆయనకి నా భర్త వీర్రాజు వల్ల వచ్చింది. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద, ఒకే బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళు. మా ఆయన వ్యవసాయదారుడు. గొంతు గాడిద గొంతు. పాటంటే మాత్రం ప్రాణం. అన్నిటికన్నా ఇష్టమైన పాత సినిమా పాట ఒకటుంది. ఆ పల్లవి ఇదీ. "రేవు దాటి పోయేవోడా, రెండు మాటలు చెప్పిపో." అందులో రెండో చరణం, "వరికంకి వంగినట్టు వంగి నన్ను చూసిపో" అని మొదలవుతుంది. మా ఆయన పొలం నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా వంటింట్లోకి చొరబడి, "వంటయింట ఏముందో మూత తీసి చూసిపో" అని ఆ వరసలోనే పాడుతూ గిన్నె మీద మూత ఎత్తేవాడు. ఛందోభంగం, పైగా వేలు కాలేది. నేను గరిటెతో చేతిమీద ఒక్కటి వేసేదాన్ని. ఇది మా ఇంట్లో నిత్యపూజ.

ఒక పెళ్ళిలో ఆ క్యాసెట్టు రీలు టేపురికార్డరులో చుట్టుకుపోయి నలిగిపోయింది. సత్తిబాబు గారు బ్లేడుతో పాడైన ముక్క కోసేసి, సెల్లోటేపుతో రెండు కొసలూ అతికించారు. పోయిన ముక్క సరిగ్గా ఆ రెండో చరణం. అప్పటినుంచి మొదటి చరణం అవ్వగానే 'టప్' అని ఒక చప్పుడు, వెంటనే మూడో చరణం. మా ఆయన మండిపడ్డాడు. "ఒరే సత్తిగా, పాటకి కడుపు కోసేశావు కదరా! పేగులు పారేసి పొట్ట కుట్టేశావు!" అని నలుగురిలో కాలర్ పట్టుకున్నాడు. "వచ్చే తీర్థానికి కొత్త క్యాసెట్టు తెస్తాన్రా, ఒట్టు" అన్నారు ఈయన. తేలేదు. ఆ ఏడూ, ఆ పైయేడూ కూడా తేలేదు. చివరికి మా ఊరి పిల్లలు ఆ పాట పాడుకునేటప్పుడు మొదటి చరణం తర్వాత నోటితో 'టప్' అనేసి మూడోది అందుకునేవారు. వాళ్ళకి తెలిసిన పాట అంతే.

ఇక అసలు విషయానికి రావాలి. వాయిదా వేస్తూ వచ్చాను.

అవి మా వైపు రొయ్యల చెరువుల పిచ్చి పట్టిన రోజులు. మా చేను పక్కన ఒకడు చెరువులు తవ్వించి, పంపు పెట్టి ఉప్పునీరు తోడించాడు. వాడి పేరు రాయను, కాగితం మైలపడుతుంది. ఆ నీరు ఊటగా మా చేలో బోదె కాలువలోకి దిగింది. కంకి వేయబోతూ పొట్ట మీదున్న వరి నిలువునా మాడిపోయింది. మా ఆయన మూడుసార్లు చెప్పిచూశాడు. నాలుగోసారి గునపం పట్టుకెళ్ళి పంపు ఇంజను పగలగొట్టాడు, అడ్డొచ్చిన ఆ చెరువులవాణ్ణి చెప్పుతో కొట్టాడు. తప్పే. నేను కాదనను. నా మొగుడు దేవుడని నేనెప్పుడూ అనలేదు.

అమ్మవారి తీర్థం. దీపాలు పెట్టే వేళ. నేను నైవేద్యం పళ్ళెంతో వరసలో నిలబడ్డాను. మా ఆయన పదడుగుల దూరంలో బొండాల బండి దగ్గర, "లేతది కొట్టవయ్యా, మా ఆవిడికి" అంటున్నాడు. గొట్టాల్లో ఆ పాట. బండి మీదున్న కత్తి ఆ చెరువులవాడి చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. దిగడం చూశాను. మొదటి దెబ్బ మెడ మీద. మొదటి చరణం అయిపోయింది. 'టప్' అన్న చప్పుడూ, మా ఆయన కేకా ఒకటే అయ్యాయి. రెండో దెబ్బ అడ్డం పెట్టిన చేతిమీద. గరిటెతో నేను కొట్టే ఆ చేతిమీదే. మూడో దెబ్బకి చెయ్యి లేదు. పళ్ళెం ఎక్కడ పడేశానో, జనాన్ని ఎలా తోసుకున్నానో నాకు తెలీదు. నా చీరంతా వెచ్చగా తడిసిపోవడం ఒక్కటే జ్ఞాపకం. సత్తిబాబు గారు బల్లమీదనుంచి మైకు స్టాండుతో సహా దూకి వాడి వెంట పడ్డారు, విసిరారు, తగల్లేదు. వాడు జనంలో కలిసిపోయాడు. మైకు దగ్గర ఆపేవాడు లేక పాట చివరిదాకా మోగింది. "రెండు మాటలు చెప్పిపో" అని ఆ గాయని నాలుగుసార్లు అడిగింది. మా ఆయన ఒక్క మాట కూడా చెప్పలేదు.

మూడో రోజు నేను కత్తిపీట చేత్తో పట్టుకుని వాడి ఇంటికి బయల్దేరాను. వాడు దొరక్కపోతే వాడింట్లో ఎవరు ఎదురొస్తే వాళ్ళని. ఇది రాయడానికి సిగ్గుపడుతున్నాను, కానీ ఆ రోజు సిగ్గు లేదు. పంట కాలువ వంతెన మీద సత్తిబాబు గారు అడ్డం నిలబడ్డారు. "తప్పుకోండి అన్నయ్యగారూ, నరుకుతాను" అన్నాను. "నరుకు" అన్నారు. నరికాను. ముంజేతి మీద జానెడు గాటు. ఆయన రెండో చేత్తో కత్తిపీట లాగేసుకుని కాలువలోకి విసిరేసి, కారుతున్న చేతిని తువ్వాలుతో చుట్టుకుంటూ, "అయిందా? ఇంటికి పద. వాణ్ణి నేను మాటతో చంపుతాను. నీ చేతికి మట్టంటనివ్వను" అన్నారు. ఆస్పత్రిలో తలుపు రేకు గీసుకుందని చెప్పారట. ఆ గాటు ఆయన పోయేదాకా ఉంది, చివరి స్నానం చేయించేటప్పుడు చూశాను.

మాటతో చంపుతానన్నందుకు వాడి మనుషులు ఆయన చెవులు తీసుకోవడానికి వచ్చారు. సాక్ష్యం వారం రోజులుందనగా, పట్టపగలు, కాలువ గట్టుమీద సైకిలు ఆపి నలుగురు పట్టుకున్నారు. "ఏం పాట విన్నావో మర్చిపోరా" అంటూ ఇద్దరు పట్టుకుంటే ఇద్దరు అరచేతులతో చెవులమీద బాదారు. నోట్లోంచి, ముక్కులోంచి, చెవిలోంచి నెత్తురు. ఎడమ చెవి శాశ్వతంగా పోయింది. పాటతో బతికే మనిషికి అంతకంటే దారుణం ఏముంటుంది చెప్పండి!

రాజమండ్రిలో కేసు. చూసినవాళ్ళు ఊరంతా ఉన్నా, బోనెక్కింది మేమిద్దరమే. ఒకరు భార్య, ఒకరు స్నేహితుడు, ఇద్దరూ కావలసినవాళ్ళే, వీళ్ళ మాట నమ్మరాదని వాళ్ళ లాయరు. ఎన్నింటికి జరిగిందని సత్తిబాబు గారిని అడిగాడు. గడియారం చూడలేదన్నారు. ఫలానా పాట, మొదటి చరణం చివర అన్నారు. "మీకు చెవుడు కదా, పాట ఎలా వినపడిందండీ?" అని నవ్వాడు లాయరు. "అప్పటికి రెండు చెవులూ ఉన్నాయండి. ఒకటి తర్వాత తీసుకున్నారండి" అన్నారు ఈయన, ముద్దాయి వైపు చెయ్యి చూపించి.

తర్వాత వాళ్ళ సాక్షి వచ్చాడు. సముద్రం వైపు ఊరివాడు. తాను ఆ రోజు బొండాల బండి పక్కనే ఉన్నాననీ, నరికింది ఎవరో పై ఊరివాళ్ళు ఇద్దరనీ, ముద్దాయి అక్కడ లేనేలేడనీ పాఠం అప్పజెప్పాడు. ఎంతో నిబ్బరంగా చెప్పాడు. మా ప్రభుత్వ ప్లీడరుగారు, "మీరు నిజంగా అక్కడుంటే అప్పుడు ఏం పాట వస్తోంది?" అని అడిగారు. వాడు తడుముకోలేదు. పాట చెప్పాడు. అక్కడితో ఊరుకుంటే గెలిచేవాడే. మరీ నమ్మించాలని, "నాకు బాగా గుర్తండి. వరికంకి వంగినట్టు అనే చరణం వస్తోందండి. అప్పుడే కేక వినపడిందండి" అన్నాడు.

వెనక బెంచీలోంచి సత్తిబాబు గారు ఒక్క ఉదుటున లేచారు. "ఆ చరణం నా క్యాసెట్లో లేదండీ! ఏనాడో కోసేశానండీ! ఊళ్ళో చంటిపిల్లాణ్ణి అడగండి, టప్ అంటాడు!" జడ్జిగారు బల్లమీద కొట్టి కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు, ఇద్దరు పోలీసులు కూర్చోబెట్టారు. పాట తెలుసు ఆ సాక్షికి, రేడియోలో విన్నాడు. మా ఊరి పాట మాత్రం తెలీదు.

తరువాత వాయిదాకి క్యాసెట్టు తెప్పించి కోర్టు హాల్లో టేపురికార్డరు మీద వేశారు. న్యాయం కోసం నేను ఆ పాట మళ్ళీ వినవలసి వచ్చింది. పల్లవి. మొదటి చరణం. బొండాల బండి. కత్తి. టప్. నేను బెంచీ మీదనుంచి కింద పడిపోయానట. లేచేసరికి నా నోట్లో నా పంటిగాట్ల నెత్తురు. మా వైపు సాక్ష్యం నిలిచింది, వాడికి యావజ్జీవం పడింది. బయట మెట్లమీద సత్తిబాబు గారు తల పట్టుకుని కూర్చున్నారు. "కొత్త క్యాసెట్టు తెచ్చుంటే వాడు తప్పించుకునేవాడు. తేలేదని వీర్రాజు నామీద కోపంతో పోయాడు. ఏది తప్పో ఏది ఒప్పో నాకు తెలీటం లేదు చెల్లెమ్మా" అని వలవలా ఏడ్చారు. నాకూ తెలీలేదు.

పగ తీరింది గాని పాట తీరలేదు. ఆయన మా చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ దాన్ని మోగనివ్వలేదు. లోకంలో ఆయనొక్కరివే గొట్టాలు కావు కదా! బస్సులో మోగితే చేల మధ్యలో దిగిపోయాను. అన్నిటికన్నా ఘోరం, సెల్‌ఫోన్లు వచ్చాక, స్టాఫు మీటింగులో మా హెడ్మాస్టరుగారి జేబులో ఆ పల్లవి మోగింది. నేను ఏం చేశానో నాకు తెలిసేసరికి ఫోను నేలమీద మూడు ముక్కలై ఉంది, ఆయన చొక్కా జేబు నా చేతిలో ఉంది. ఆ పెద్దమనిషి మర్నాటికి ఫోనులో గంట మోత పెట్టుకున్నారు. చెవికి రెప్పల్లేవన్న మాట అప్పుడు అర్థమైంది. కత్తికి ఒకసారే చచ్చాడు మా ఆయన. పాటకి ఎన్నిసార్లు చచ్చాడో లెక్కలేదు.

నాలుగు నెలల కిందట సత్తిబాబు గారు మా ఇంటికొచ్చారు. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు ముదిరిపోయింది, అరుగెక్కడానికి రెండుసార్లు ఆగారు. జేబులోంచి క్యాసెట్టు తీసి, "ఇది విను చెల్లెమ్మా" అన్నారు.

"ఏం పాటండీ?"

"అదే."

క్యాసెట్టు లాక్కుని ఆయన మొహానే కొట్టాను. దవడ చిట్లింది. "మీరు కూడా నన్ను చంపడానికే వచ్చారా? పదకొండేళ్ళూ చాల్లేదా?" అని గొంతు చించుకున్నాను. రోగిష్టి మనిషి, నా కోసం చెవి పోగొట్టుకున్న మనిషి. ఆయన దవడ తుడుచుకుని, వంగి, పెట్టెకి బీటవారిన క్యాసెట్టు తీసి కిటికీలో పెట్టారు. "ఇందులో నెత్తురు లేదమ్మా. అంతా రెండో చరణమే. ఆ రోజు ఇది మోగలేదు. దీని దాకా వాడి కత్తి రాలేదు. ఇది వీర్రాజొక్కడిదే" అన్నారు. నేను తలుపు మొహం మీద వేశాను. కిటికీలోంచి దగ్గు వీధి మలుపుదాకా వినిపించింది. తర్వాత ఆయన రాలేదు. నేను వెళ్ళలేదు. ఒక్కసారి వెళ్ళి క్షమించమని అడిగితే నా నోటి ముత్యాలు రాలిపోయేవా? రేపు వెళదాం, సెలవుల్లో వెళదాం అనుకున్నాను. అంతలో అటెండరు గుమ్మంలోకి వచ్చాడు.

దహనం అయిన మర్నాడు మధ్యాహ్నం క్యాసెట్టు వేశాను. పక్కన సుత్తి పెట్టుకున్నాను, ఓర్చుకోలేకపోతే టేపురికార్డరు పగలగొట్టడానికి. "వరికంకి వంగినట్టు వంగి నన్ను చూసిపో" అని ఆ గొంతు మొదలెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను, కత్తి కోసం కాచుకుని. రాలేదు. గిన్నె మూత చప్పుడయింది. బెండకాయ పులుసు వాసన వచ్చింది. బురద కాళ్ళతో మా ఆయన నిలబడి, కాలిన వేలు నోట్లో పెట్టుకుని, అంత పెద్ద గొంతుతో తప్పుల తడక పాట పాడుతున్నాడు. మెడ ఉంది. చెయ్యి ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి నా మొగుడు నాకు నిండు మనిషిగా కనిపించాడు. నేను నవ్వాను. ఆ తర్వాత ఏడ్చాను, వీధిలో వాళ్ళు పరిగెత్తుకొచ్చేలా ఏడ్చాను.

చరణం అయిపోయింది. మీట నొక్కిన చప్పుడు. ఒక దగ్గు. మళ్ళీ అదే చరణం. మళ్ళీ మీట, మళ్ళీ దగ్గు. ఎక్కడో పాట నిండుగా ఉన్న క్యాసెట్టు సంపాదించి, రెండు టేపురికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఒక్కచెవి మనిషి, ఊపిరందని మనిషి, రెండు పక్కలా నిండేదాకా ఒక్కో చరణమే వెనక్కి తిప్పి తిప్పి ఎక్కించారు. రెండో పక్కకి వచ్చేసరికి దగ్గు చరణం కంటే పొడుగైంది. ఒకచోట మంగ వదిన గొంతు, "ఇంక చాలండీ, పడుకోండి" అంటోంది. ఆయన "ఉండవే" అన్నారు.

సత్తిబాబు గారూ, మీ వంటి సహృదయుడూ, సాహసీ, ప్రాణమిత్రుడూ ఈ డెల్టాలో మళ్ళీ పుడతాడని నేను అనుకోను. మీ రేకు పెట్టె ఎవరైనా మోస్తారు, మీ గొట్టాలు ఎవరైనా కడతారు. కొయ్యవలసిన చోట పాటను కోసి, కోసిన ముక్కని చావుకి ముందు తెచ్చి చేతిలో పెట్టేవాడు ఇంకెవడున్నాడు? మిమ్మల్ని రెండుసార్లు గాయపరిచాను. ఒకటి మాన్పుకున్నారు. రెండోది మానకుండానే వెళ్ళిపోయారు. ఈ పుస్తకంలో నా కన్నీటి నివాళి అని అచ్చువేస్తారు కాబోలు. అది నివాళి కాదు, క్షమాపణ.

క్యాసెట్టు చివర, ఇక రీలు లేదనగా, ఆయన గొంతు ఉంది. "ఇంకోసారి వెయ్యనా చెల్లెమ్మా?" అని అడిగారు.

"వెయ్యండి అన్నయ్యగారూ" అన్నాను.

రీలు అయిపోయింది. మీట టప్ అని పైకి లేచింది.